మీ కోసం దాచుకున్న ఏడుపు

ప్రశ్న: నాకు 30 ఏళ్ళు. మాది తెనాలి. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చాం, మారతహళ్ళిలో ఉంటున్నాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. పాపకి ఇప్పుడు 19 నెలలు. నా ప్రసూతి సెలవు అయిపోయాక మా అమ్మ వచ్చి నాలుగు నెలలు చూసుకుంది. నాన్నకి ఒంట్లో బాగోక తిరిగి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి పక్క వీధిలో ఉండే ఒక కన్నడావిడ పొద్దున్న తొమ్మిదికి వచ్చి రాత్రి ఏడున్నర దాకా ఉంటుంది. పాప ఆవిణ్ణి 'అజ్జి' అంటుంది, కన్నడంలో అమ్మమ్మనీ నానమ్మనీ అలా పిలుస్తారు. మంచి మనిషి. నేను వెళ్తుంటే పాప ఏడుస్తుందని, ఆవిడ బాల్కనీలో పావురాల్ని చూపిస్తున్నప్పుడు చప్పుడు చేయకుండా వెళ్ళిపోతాను. సాయంత్రం నేను తలుపు తీయగానే, అప్పటిదాకా ఆడుకుంటున్న పిల్ల నేల మీద పడి ఏడుస్తుంది. ఎత్తుకోబోతే కొడుతుంది. 'పగలంతా ఏడవనే లేదమ్మా' అంటుంది అజ్జి. కాసేపటికి తనే వచ్చి ఒళ్ళోకెక్కి నా చెవి పట్టుకుని పడుకుంటుంది గానీ, అజ్జి వెళ్ళేటప్పుడు మళ్ళీ ఏడుపే. పాలని కన్నడంలో 'హాలు' అంటుంది. మొన్న రాత్రి నిద్రలో 'అజ్జీ' అని కలవరించింది. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. మా అత్తగారు ఫోన్లో 'ఎవరు పెంచితే వాళ్ళనే అమ్మ అనుకుంటారు పిల్లలు' అన్నారు. మా వారు 'పెద్దయితే అదే సర్దుకుంటుంది' అంటారు. నేను ఉద్యోగం మానేయాలా? అజ్జిని మాన్పించి డేకేర్‌లో వేయాలా? నా బిడ్డ నన్ను మర్చిపోతోందా?
– ఒక తల్లి, బెంగళూరు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట మీరు మధ్యలో ఎక్కడో అనేసి వెళ్ళిపోయారు. 'కాసేపటికి తనే వచ్చి ఒళ్ళోకెక్కి నా చెవి పట్టుకుని పడుకుంటుంది' అన్నారు. ఆ వెంటనే 'గానీ' అని అజ్జి దగ్గరికి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఆ చెవి దగ్గరే ఆగిపోయాను. రెండు మూడు సార్లు చదువుకున్నాను. మిమ్మల్ని మర్చిపోతున్న బిడ్డ మీ చెవి ఎందుకు పట్టుకుంటుంది?

నేను బెంగళూరులోనే పద్దెనిమిదేళ్ళు చిన్నపిల్లల బడిలో పనిచేశాను. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి అమ్మలు వచ్చే వేళకి రోజూ గేటు దగ్గర నిలబడేదాన్ని. పగలంతా బొమ్మలతో హాయిగా ఆడుకున్న పిల్ల, గేటు అవతల అమ్మ చెప్పులు కనిపించగానే ఆగిపోయేది. కింది పెదవి ముందుకొచ్చేది, గడ్డం వణికేది, ఆ తర్వాత ఒక్కసారిగా భోరుమనేది. అమ్మ ముఖం మాడిపోయేది. 'పొద్దుట్నుంచీ ఇలాగే ఏడుస్తోందా?' అని మమ్మల్ని అడిగేవాళ్ళు. లేదమ్మా, మిమ్మల్ని చూశాకే మొదలుపెట్టింది అంటే ఇంకా బాధపడేవాళ్ళు. ఇలాంటి సాయంత్రాలు ఎన్ని చూశానో లెక్క లేదు.

పగలంతా మీ పాప కూడా ఎన్నో ఓర్చుకుంటుంది. పడితే లేస్తుంది, బంతి మంచం కిందికి పోతే ఊరుకుంటుంది, మధ్యలో అమ్మ గుర్తొస్తే పావురాల్ని చూసి సర్దుకుంటుంది. అజ్జి మంచి మనిషే, కానీ ఎవరి దగ్గర ఎంత ఏడవచ్చో పందొమ్మిది నెలల పిల్లకి కూడా తెలుసు. మనం మాత్రం? ఆఫీసులో ఎంత జరిగినా నిబ్బరంగా ఉండి, రాత్రి అమ్మకి ఫోన్ చేసి 'అమ్మా' అనగానే గొంతు పూడుకుపోదూ? మీ పాపకి ఆ ఫోన్ మీరే. మీరు తలుపు తీస్తేనే ఆ కాల్ కలుస్తుంది. ఆ ఏడుపు పగలంతా మీ కోసం దాచుకున్నది.

ఇది నేను మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదు. మేరీ ఐన్స్‌వర్త్ అనే మానసిక శాస్త్రవేత్త 1954, 55 సంవత్సరాల్లో ఉగాండా పల్లెల్లో ఇరవై ఆరు మంది తల్లుల ఇళ్ళకి పదే పదే వెళ్ళి, వాళ్ళూ వాళ్ళ పసిపిల్లలూ ఎలా ఉంటారో దగ్గర కూర్చుని గమనించారు. తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక చిన్న పరీక్ష తయారుచేశారు. బొమ్మలున్న గదిలో తల్లి, ఏడాది పిల్ల ఉంటారు. ఒక కొత్త మనిషి వస్తుంది. తల్లి రెండుసార్లు కాసేపు బయటికి వెళ్ళి వస్తుంది. మొత్తం ఇరవై నిమిషాల పని. తల్లి వెళ్ళినప్పుడు పిల్ల ఎంత ఏడ్చిందన్నది అందులో అసలు సంగతి కాదు. ఏడ్చే పిల్లలూ ఉంటారు, ఏడవని పిల్లలూ ఉంటారు. తల్లి తిరిగొచ్చాక పిల్ల ఏం చేస్తుంది, ఆమె దగ్గరికి వస్తుందా, ఆమె చేతుల్లో ఊరట పడుతుందా అనే చూశారు. తల్లి వెళ్ళినా వచ్చినా పట్టనట్టు బొమ్మలతో ఉండిపోయిన పిల్లల గుండె వేగం తర్వాతి పరిశోధకులు కొలిచి చూస్తే, పైకి అంత నిమ్మళంగా ఉన్నా లోపల కంగారు పడుతున్నారని తేలింది. మీ ఇల్లు ప్రయోగశాల కాదు, పది గంటల ఎడబాటు మూడు నిమిషాల ఎడబాటూ కాదు. కాబట్టి ఆ పరీక్షతో మీ పాపకి మార్కులు వేయకండి. ఐన్స్‌వర్త్ ఎక్కడ చూశారో మీరూ అక్కడ చూడండి, చాలు. చివరికి మీ పాప ఎవరి ఒళ్ళోకి చేరుతోంది?

పైగా పది నెలల నుంచి ఏడాదిన్నర దాకా అమ్మ కనబడకపోతే బెంగపడటం మామూలుగానే ఎక్కువ. అమ్మ కనిపించకపోయినా ఎక్కడో ఉందని తెలిసిన వయసు అది. ఎప్పుడొస్తుందో మాత్రం తెలియదు. మీ పాప ఇప్పుడిప్పుడే ఆ వయసు దాటుతోంది.

ఇక మీరు మార్చుకోవాల్సినది ఒకటుంది. బాల్కనీలో పావురాల్ని చూపించే వేళ మీరు చప్పుడు లేకుండా వెళ్ళిపోవడం. ఈ మాట కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే నేనూ అదే చేశాను.

మా అబ్బాయికి రెండేళ్ళప్పుడు నేను ఉద్యోగంలో చేరాను. పక్కింటి ఆవిడ వాణ్ణి చూసుకునేది. ఆవిడ వాడికి గోడ మీది పిల్లిని చూపిస్తుంటే నేను వెనక నుంచి జారుకునేదాన్ని. ఏడుపు వినకుండా బస్సెక్కినందుకు నాకు హాయిగా ఉండేది. నెల తిరక్కుండా వాడు నన్ను వదలడం మానేశాడు. స్నానానికి వెళ్తే తలుపు బాదేవాడు. వంటింట్లో ఉంటే కాళ్ళకి చుట్టుకునేవాడు. రాత్రి నిద్రలో కూడా నా పమిట కొంగు గుప్పిట్లో పట్టుకునేవాడు. తెల్లారి లేవబోతే ఆ గుప్పిట విప్పడానికి ఒక్కో వేలూ తీయాల్సి వచ్చేది. కొంగు చివర చెమటకి తడిసి, నలిగి ముద్దయిపోయి ఉండేది. ఒకరోజు ఆ తడి కొంగు చేతిలో పట్టుకుని కూర్చుంటే నాకు అర్థమైంది. నేను వాడికి ఏడుపు తప్పించలేదు. అమ్మ ఏ క్షణాన మాయమవుతుందో తెలియదని నేర్పాను. తెలియనప్పుడు వాడు చేయగలిగింది కాపలా కాయడమే కదా.

ఆ రోజు నుంచి చెప్పి వెళ్ళడం మొదలుపెట్టాను. రెండు వారాలు గుండెలవిసేలా ఏడ్చాడు. వీధి మలుపు దాకా వినిపించేది. ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. కొంగు వదలడానికి ఇంకో నెల పట్టింది.

మీరు కూడా చెప్పే వెళ్ళండి. పెద్ద తంతు అక్కర్లేదు, ఒక నిమిషం చాలు. రోజూ అవే మాటలు, అదే ముద్దు, అదే చోట. పందొమ్మిది నెలల పిల్లకి గంటలు తెలియవు కాబట్టి తనకి తెలిసిన వాటితో చెప్పండి. 'మమ్మం తిని, బజ్జుని లేచి, అజ్జితో కిందికెళ్ళి ఆడుకుని, లైట్లు వేశాక అమ్మ వచ్చేస్తుంది.' ఏడుస్తుంది. అజ్జి చంకలో ఏడవనివ్వండి. మీరు మళ్ళీ వెనక్కి రాకండి. 'ఇంకొక్క ముద్దు' అని మూడుసార్లు తలుపు దాకా వెళ్ళి వస్తే, గట్టిగా ఏడిస్తే అమ్మ ఆగుతుందేమో అనిపిస్తుంది పిల్లకి. మీరు రాత్రి వేసుకుని విడిచిన చున్నీ ఒకటి ఉతక్కుండా తన దుప్పటి దగ్గర పెట్టండి. పుట్టిన వారం లోపే పసిపిల్లలు తల్లి పాల వాసనకి తల తిప్పుతారని 1975 నాటి ఒక ప్రయోగంలో తేలింది. పుట్టి మూడు రోజులైనా కాని పిల్లలు తల్లి గొంతునీ వేరే ఆడవాళ్ళ గొంతునీ విడదీసి గుర్తుపట్టి, తల్లి గొంతు వినిపించేలా చీకడం మార్చుకుంటారని 1980లో ఇంకో ప్రయోగం చూపించింది. ఆ వాసనా ఆ గొంతూ తన ఒంట్లో ఎంత ముందుగా చేరిపోయాయో చూడండి.

సాయంత్రం సంగతికి వద్దాం. మీరు రింగు రోడ్డు ట్రాఫిక్‌లో గంటన్నర నలిగి వస్తారు. చెవిలో ఆఫీసు కాల్ ఇంకా నడుస్తుంటుంది. లిఫ్ట్‌లో 'ఒక్క నిమిషం' అంటూనే తలుపు తీస్తారు. ఇది మీరు రాయలేదు, ఈ ఊళ్ళో చాలామంది ఇలాగే ఇల్లు చేరతారు కాబట్టి అడుగుతున్నాను. అలాగైతే ఆ కాల్ కిందే ముగించండి. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే శాస్త్రవేత్త 1970ల్లో ఒక ప్రయోగం చేశారు. అప్పటిదాకా బిడ్డతో నవ్వుతూ ఆడుతున్న తల్లిని, కదలకుండా, ఏ భావమూ లేకుండా రెండు మూడు నిమిషాలు అలా చూస్తూ కూర్చోమన్నారు. నెలల పిల్ల మొదట నవ్వింది, చేతులు చాచింది, అరిచింది, చివరికి ముఖం తిప్పుకుని ఏడ్చేసింది. ఎదురుగా అమ్మ ఉంది, అయినా లేదు. అది ఫోన్ గురించి చేసిన ప్రయోగం కాదు. కానీ నేను చెవిలో కాల్ పెట్టుకుని గేటు దగ్గరికొచ్చిన అమ్మల్నీ, వాళ్ళ ముఖాల్లోకి చూసే పిల్లల్నీ చూశాను.

లోపలికి రాగానే బ్యాగు పక్కన పెట్టి నేల మీద కూర్చోండి. ఎత్తుకోవడానికి చేతులు చాచకండి. 'అమ్మ వచ్చేసింది. పగలంతా అమ్మ లేదని కోపం వచ్చింది కదూ' అనండి. మాటలన్నీ అర్థం కాకపోయినా గొంతు అర్థమవుతుంది. కొడితే ఆ చెయ్యి మెల్లగా పట్టుకుని 'కొట్టకూడదు, నొప్పి' అని ఒకసారి అని ఊరుకోండి. తిట్టకండి, మీరు ఏడవకండి, లేచి వెళ్ళిపోకండి. అక్కడే ఉండండి. ఏడుపు కరిగాక తనే వస్తుంది. ఇప్పుడూ వస్తూనే ఉంది కదా, చెవి కోసం. అప్పుడు ఓ అరగంట వంట, గిన్నెలు, మెసేజ్‌లు ఏవీ వద్దు. అన్నం కాస్త ఆలస్యమైతే ఏం కాదు. లేదా మీ వారు కుక్కర్ పెడతారు. 'అదే సర్దుకుంటుంది' అన్నారు కదా, సర్దుకోవడానికి ఆయన చెయ్యి కూడా ఒకటి కావాలి. స్నానం గానీ, రాత్రి పాలు గానీ, ఏదో ఒకటి రోజూ మీ చేతి మీదే జరగాలి. జ్వరమొచ్చినా, డెడ్‌లైన్ ఉన్నా అది మాత్రం అమ్మ పనే. ఇంకొకటి ఆయన పని.

రోజూ సరిగ్గా కుదరదు. చిరాకు పడతారు, ఒకసారి గట్టిగా అరిచేస్తారు, తర్వాత బాత్రూంలోకెళ్ళి ఏడుస్తారు. తల్లీబిడ్డల ఆటని క్షణక్షణం లెక్కగట్టి చూసినప్పుడు, చక్కగా అల్లుకుపోయిన జంటల్లో కూడా ఇద్దరి తాళం కుదిరి ఉండేది సుమారు మూడో వంతు సమయమేనని ఆ ట్రోనిక్కే గమనించారు. మిగతా సమయమంతా తప్పడం, మళ్ళీ కలుపుకోవడం. అరిచినందుకు పాపని దగ్గరికి తీసుకుని 'అమ్మ అరిచింది, తప్పు' అనండి, చాలు.

అజ్జిని మాన్పించాలా అన్నారు. వద్దమ్మా. ఈ ఒక్క మాట నేను బతిమాలి చెప్తున్నాను. తల్లీబిడ్డల అనుబంధం గురించి జీవితమంతా పరిశోధించిన బ్రిటిష్ వైద్యుడు జాన్ బౌల్బీ చిన్నప్పుడు తల్లిని రోజుకి ఓ గంట మాత్రమే చూసేవాడు. ఆ కాలంలో అక్కడి సంపన్నుల ఇళ్ళలో అదే రివాజు. ఆయన్ని పెంచింది ఒక ఆయా. ఆయనకి నాలుగేళ్ళప్పుడు ఆమె ఆ ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. తల్లిని పోగొట్టుకున్నంత బాధగా అనిపించిందని పెద్దయ్యాక కూడా చెప్పుకున్నాడు. మీ బాధ తీరడానికి మీ పాపకి అంత బాధ పెట్టకండి. రాత్రి నిద్రలో 'అజ్జీ' అని కలవరించిందంటే, మీరు లేని పది గంటలూ తన దగ్గర నమ్మకమైన మనిషి ఒకరున్నారని అర్థం. అలాంటి మనిషి ఈ ఊళ్ళో దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. మీరు వచ్చాక ఆవిణ్ణి ఇంకో ఇరవై నిమిషాలు ఉండి వెళ్ళమనండి, దానికి డబ్బులు కూడా ఇవ్వండి. మీరు రాగానే ఆవిడ చెప్పులు తొడుక్కుంటే పాపకి ఒకే నిమిషంలో రెండు చేతులు మారిపోతున్నాయి. ముగ్గురూ కాసేపు కలిసి కూర్చోండి. మీరు పాపని ఎత్తుకుని, ఇద్దరూ కలిసి తలుపు దాకా వెళ్ళి, అజ్జికి టాటా చెప్పండి.

'అమ్మ ఇష్టమా, అజ్జి ఇష్టమా' అనే ప్రశ్న మీ ఇంట్లో ఎవరూ అడగకూడదు. మన వాళ్ళకి ఇదొక సరదా. వీడియో కాల్‌లో అమ్మమ్మలూ నానమ్మలూ తప్పకుండా అడుగుతారు. మీ అత్తగారికి మీ వారితోనే చెప్పించండి, మీరు చెప్తే ఇంకోలా వినిపిస్తుంది. పెంచిన వాళ్ళతో అనుబంధం ఏర్పడుతుందన్న వరకు ఆవిడ మాట నిజమే. ఒకరితో ఏర్పడితే ఇంకొకరితో తెగిపోతుందని మాత్రం కాదు. మన ఉమ్మడి ఇళ్ళలో పిల్లలు ఎంతమంది చంకల్లో పెరిగారు? పిన్ని అన్నం పెట్టేది, అమ్మమ్మ నిద్రపుచ్చేది. ఆ పిల్లల్లో అమ్మని మర్చిపోయినవాళ్ళు ఎవరు?

ఉద్యోగం విషయం. మీకే మానాలని ఉంటే మానండి, మీ ఇంటి లెక్కలు కుదిరితే అదీ మంచి నిర్ణయమే. పాప మిమ్మల్ని మర్చిపోతుందన్న భయంతో మాత్రం మానకండి. అమెరికాలో 1991లో మొదలుపెట్టి వెయ్యి మందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచి వెంబడించిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. వేరే వాళ్ళ దగ్గర గడిపిన గంటలు వాటంతట అవి తల్లితో అనుబంధాన్ని చెరపలేదని 1997లో వాళ్ళు చెప్పారు. తల్లి బిడ్డ మనసు కనిపెట్టి మసలుకోవడమే ఎక్కువ తేడా చూపింది. తల్లి పట్టించుకోక, బయట సంరక్షణ కూడా బాగోకపోతే మాత్రం ఇబ్బందే అని కూడా చెప్పారు. మీరు రాత్రంతా నిద్రపోకుండా ఈ ఉత్తరం రాసిన మనిషి. ఆ రెండో రకం మీరు కాదు.

ఆఫీసులో ఒకటి అడిగి చూడండి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు సెలవుని 26 వారాలు చేయడంతో పాటు, 50 మందీ అంతకు పైన ఉద్యోగులున్న సంస్థలకి దగ్గర్లో పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చని కూడా పెట్టారు. ఇప్పుడే పాపని అక్కడికి మార్చమని కాదు. రెండున్నరేళ్ళు దాటాక, అజ్జి కూడా కొన్నాళ్ళు తోడొస్తూ నెమ్మదిగా అలవాటు చేయొచ్చు.

పాప మాటలు వెనక్కిపోయినా, పిలిస్తే పలక్కపోయినా, ఎవరి దగ్గరికీ చేరకుండా ఒక్కతే ఉండిపోతున్నా పిల్లల డాక్టరుకి చూపించండి. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ లేదు. నాకు మీ గురించే కొంచెం బెంగ. ఒక్క రాత్రి నిద్ర లేకపోవడం వేరు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, నేను పనికిరానిదాన్ని అనిపిస్తున్నా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

'హాలు' గురించి కూడా మీరు బాధపడ్డారు. పాత కన్నడంలో అదీ 'పాల్' అనే ఉండేది, తర్వాత 'ప' కాస్తా 'హ' అయింది. పాప 'హాలు' అంటే సరిదిద్దకండి. 'పాలా? ఇదిగో పాలు' అని గ్లాసు చేతికివ్వండి. కొన్నాళ్ళకి అజ్జిని 'హాలు' అడుగుతుంది, మిమ్మల్ని 'పాలు' అడుగుతుంది. ఎవరిని ఏ మాటతో అడగాలో ఇంత చిన్న పిల్లలు ఎలా పట్టేస్తారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రేపు పొద్దున్న పావురాలు వచ్చే వేళకి మీరే బాల్కనీలోకి వెళ్ళండి. ఇద్దరూ కలిసి చూడండి. తర్వాత తనని అజ్జి చేతికిచ్చి, తన కళ్ళల్లోకి చూస్తూ చెప్పి వెళ్ళండి. సాయంత్రం ఆలస్యమయ్యేట్టుంటే అజ్జికి ఫోన్ చేసి, ఆ మాట పాపకి కూడా చెప్పమనండి. రెండు వారాలయ్యాక ఎలా ఉందో నాకు రాయండి.